మామయ్య ఎయిర్ గన్: 22 ఏళ్లు వాడాక తెలిసినవి

మా పెద్ద మామయ్య ఓడల్లో ఇంజినీరు. 1974లో ఇంగ్లండ్ నుంచి వస్తూ ఒక ఎయిర్ గన్ తెచ్చాడు. నూజివీడు దగ్గర మామిడితోటలో చిలకల్ని బెదరగొట్టడానికని అత్తయ్యకి చెప్పాడట. ఆయనేమో సాయంత్రాలు ఖాళీ డబ్బాలు వరసగా పెట్టి కాల్చుకుంటూ కూర్చునేవాడు, చిలకలు తమ పని తాము చూసుకునేవి. 2003లో అది నా చేతికొచ్చింది. అప్పటినుంచీ పటమటలో మా ఇంట్లో ఉంది. సెలవు దొరికితే తోటకు తీసుకెళ్లి అట్టపెట్టెల మీద కాలుస్తాను. పిట్టల జోలికి పోను, అది నేరం కూడా.

దాని పేరు ‘ఒరిజినల్ మోడల్ 27’. పేరు వెనక ఒక కథ ఉంది. జర్మనీలో రాష్టాట్ అనే ఊళ్లో ఒక కంపెనీ డయానా పేరుతో ఎయిర్ గన్‌లు చేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక ఆ కంపెనీ యంత్రాలూ పేరూ నష్టపరిహారం కింద బ్రిటన్‌కి వెళ్లిపోయాయి. స్కాట్లండ్‌లో మిల్‌బ్రో అనే కంపెనీ డయానా పేరుతోనే తుపాకులు చేయసాగింది. 1950లో జర్మన్లు మళ్లీ తయారీ మొదలుపెట్టారు గానీ, బ్రిటన్‌లో తమ పేరు తామే వాడుకునే వీల్లేదు. అందుకని అక్కడ అమ్మేవాటి మీద ‘ఒరిజినల్’ అని కొట్టారు. ఇల్లు పోగొట్టుకున్నవాడు గోడమీద ‘ఇది మాదే’ అని రాసినట్టు.

ఆ అక్షరాల్ని సగం చెరిపేసింది నేనే.

2006 వానాకాలం. బెజవాడ చెమట సంగతి తెలిసిందే కదా, చేత్తో పట్టుకుని తుడవకుండా పెడితే వారంలో వేలిముద్రలు తుప్పుగా తేలతాయి. సిలిండర్ మీద ఎర్రటి చుక్కలు కనిపించేసరికి కంగారుపడి ఆటోనగర్‌లో ఒక బఫింగ్ షాపుకి పట్టుకెళ్లాను. అద్దంలా చేసిస్తానన్నాడు, నిజంగానే చేశాడు. నల్లరంగు మళ్లీ ఎక్కించి తెచ్చుకున్నాక చూస్తే ‘ఒరిజినల్’లో మొదటి మూడు అక్షరాలు వేలితో తడిమితే తప్ప తెలియవు. వెనకవైపు చిన్న అంకెల్లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, వాటి అంచులు కూడా అరిగాయి. అతన్ని అనడానికేం లేదు. బండి సైలెన్సర్‌లాగే మెరిపించమని అడిగింది నేను. పాత నీలినలుపు పూత అక్కడక్కడా పోయి ఉన్నా దానికో అందం ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. ఆ చుక్కలకి కాస్త నూనె, మెత్తటి గుడ్డ, రెండు సాయంత్రాల ఓపిక సరిపోయేవి.

లోపలి పని వేరే సంగతి. ఇందులో స్ప్రింగ్ బలంతో గాలిని నెట్టే పిస్టన్‌కి ముందు తోలు వాచర్ ఉంటుంది, సైకిల్ పంపులో ఉన్నట్టే. ఎండిపోతే గాలి పక్కనుంచి జారిపోయి పెల్లెట్ (బారెల్‌లో పెట్టే చిన్న సీసపు గుండు) నీరసంగా వెళ్తుంది. మన మేనెలలో అది అప్పడంలా తయారవుతుంది. మొదట్లో తెలియక కుట్టుమిషన్ నూనె పోశాను. ఢాం అని పేలి బారెల్‌లోంచి పొగ వచ్చింది! పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె డీజిల్ ఇంజన్‌లోలాగా అంటుకుంటుంది. రెండుమూడు సార్లు సరదాగానే అనిపించింది, తర్వాత స్ప్రింగ్ విరిగింది. ఇప్పుడు సిలికాన్ నూనె రెండు చుక్కలు వేస్తున్నాను, అంతే.

స్ప్రింగ్ ఒకసారి, తోలు వాచర్ మూడుసార్లు మార్చాను. ఇవి అరిగిపోవడానికే పుట్టినవి, మారిస్తే తుపాకీ అసలుతనానికి వచ్చిన లోటేమీ లేదు. తీసేసినవి మాత్రం పారేయలేదు, హార్లిక్స్ సీసాలో తేదీ రాసి పెట్టాను. మీ దగ్గరా ఇలాంటిది ఉండి మొదటిసారి విప్పబోతున్నట్టయితే ఒక హెచ్చరిక: దీని ట్రిగ్గర్‌లో మూడు చిన్న ఉక్కు గుండ్లు ఉంటాయి. కింద దుప్పటి పరుచుకుని విప్పండి. నేను గచ్చు మీద విప్పాను. మూడోది బీరువా కింద దొరికేసరికి రాత్రి పదకొండయింది. మళ్లీ బిగించేటప్పుడు గ్రీజు రాస్తే గుండ్లు పడిపోకుండా అతుక్కుంటాయి. స్ప్రింగ్ నొక్కుడు మీద ఉంటుంది కాబట్టి క్లాంప్ లేకుండా విప్పితే ముఖానికి తగులుతుంది.

వాడకం గురించి చెప్పాలంటే, రెండున్నర కిలోల పైచిలుకు బరువు, మా అమ్మాయి కూడా బారెల్ వంచి తేలిగ్గా లోడ్ చేస్తుంది. పది మీటర్లలో కూర్చుని కాలిస్తే ఐదు పెల్లెట్లు ఐదు రూపాయల నాణెమంత చోట పడతాయి. ఆ ట్రిగ్గర్ మెత్తదనం ఇప్పటి కొత్తవాటిలో నాకు దొరకలేదు. పెల్లెట్ లేకుండా ఉత్తినే మాత్రం నొక్కకండి, పిస్టన్ దెబ్బతింటుంది.

మా మేనల్లుడికి చూపు కాస్త మందం. “మామయ్యా, స్కోప్ పెట్టించేద్దాం” అని రెండేళ్లు వెంటపడ్డాడు. దీనికి స్కోప్, అంటే గురిచూసే దుర్భిణి, పట్టే గాడి లేదు, సిలిండర్‌కి రంధ్రాలు వేసి పట్టీ బిగించాలి. ఆ గొట్టంలోనే పిస్టన్ నడుస్తుంది. ఒక్క రంధ్రం తేడా వచ్చినా తుపాకీ గోడకి వేలాడదీయడానికే పనికొస్తుంది. వాడి స్నేహితుడొకడు 0.22 బారెల్, అంటే లోపలి రంధ్రం (బోరు) 0.22 అంగుళాలున్నది, దొరికితే బిగిద్దామన్నాడు. అది మరీ బాగుంది. మన దేశంలో 0.177 బోరు, 20 జౌల్‌ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు, 0.22కి కావాలి. సరదాకి పోయి స్టేషన్ మెట్లెక్కడం ఎందుకు? చివరికి వాడికి స్కోప్‌తో సహా కొత్తది కొనిచ్చాను. నాకంటే బాగా కాలుస్తున్నాడు కూడా.

తుపాకీ చెక్కభాగం జోలికి నేను పోలేదు. భుజానికి ఆనించే చివర ఒక లోతైన నొక్కు ఉంది. పాలిష్ చేసే ఆయన దాన్ని పూడ్చి నున్నగా చేసి ఇస్తానన్నాడు. ఒకసారి మామయ్య జీపు దిగుతూ జారవిడిచాడట, ఆ తిట్లు అత్తయ్యకి ఇప్పటికీ గుర్తే. వద్దన్నాను. అవిసెనూనె పల్చగా రాసి తుడుస్తాను, ఏడాదికి ఒకసారి.

ఈసారి వాచర్ మళ్లీ వదులైంది. సరైన మందం తోలు కోసం వన్‌టౌన్‌లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్తున్నాను. పోయినసారి ఆయన కోసిచ్చిందే ఆరేళ్లు నిలిచింది.