ఆక్లీ చాంబర్‌కి హెడ్‌స్పేస్: రీమర్ దింపితే చాలా, బ్యారెల్ వెనక్కి జరపాలా?

అమెరికాలో వేటగాళ్లకి .30-06 (ఒక తూటా సైజు) రైఫిల్‌ని "ఆక్లీ ఇంప్రూవ్డ్"గా మార్పించుకోవడం పాత సరదా. కొలరాడోలోని ట్రినిడాడ్‌లో షాపు నడిపిన గన్‌స్మిత్ పార్కర్ ఆక్లీ, తూటా ఇత్తడి కేస్ పక్కల వాలు తగ్గించి, భుజాన్ని (కేస్ మెడలోకి సన్నబడే వాలు) 40 డిగ్రీలకి నిలబెట్టాడు. దాంతో పౌడర్‌కి కాస్త ఎక్కువ చోటు దొరికింది. మామూలు ఫ్యాక్టరీ తూటానే ఆ రూపానికి కోసిన చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) పేలిస్తే కేస్ ఉబ్బి కొత్త రూపానికి వస్తుంది. (ఇండియాలో లైసెన్సు లేకుండా తుపాకీ మార్చడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి ఇదంతా అక్కడి ముచ్చటే.)

చవక దారి ఏమిటంటే, ఉన్న చాంబర్‌లోకే ఆక్లీ రీమర్ (చాంబర్‌ని కోసే పనిముట్టు) దింపేయడం. పని త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే. చిక్కు హెడ్‌స్పేస్‌తో, అంటే బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) ముఖం నుంచి కేస్‌ని ఆపే చోటు దాకా ఉండే దూరంతో. .30-06 భుజం 17.5 డిగ్రీలు. మామూలు చాంబర్‌లో ఆ భుజం మొత్తం ఆనుకుని కేస్‌ని ఆపుతుంది. ఆక్లీ చాంబర్‌లో ఆనడానికి మిగిలేది మెడ, భుజం కలిసేచోట సన్నటి రింగు మాత్రమే. అక్కడ బిగువు లేకపోతే ఫైరింగ్ పిన్ను దెబ్బకి కేస్ ముందుకి పోతుంది. ప్రెషర్‌కి దాని ముందు భాగం గోడలకి అతుక్కుంటుంది, అడుగు భాగం బోల్ట్ వైపు వెనక్కి సాగుతుంది. పేలిన కేస్‌ని వెలుగులో తిప్పి చూస్తే అడుగుకి కాస్త పైన మెరిసే గీత కనిపిస్తుంది. కొన వంచిన సన్నటి తీగతో లోపల గీకితే అదేచోట గాడి తగులుతుంది. అలాంటి కేస్‌ని మళ్లీ లోడ్ చేస్తే రెండుగా తెగొచ్చు, వేడి గ్యాస్ కాల్చేవాడి ముఖం వైపు రావచ్చు.

రెండో దారిలో బ్యారెల్ విప్పి, లేత్ మీద ఒక మర (థ్రెడ్) వెనక్కి జరిపి, చాంబర్ మళ్లీ కోస్తారు. రెమింగ్టన్ 700 రైఫిల్‌కి అంగుళానికి 16 మరలు, అంటే ఒక చుట్టుకి దాదాపు 62 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). నిజానికి అంత అక్కర్లేదు. కానీ పూర్తి చుట్టు తిప్పితేనే బ్యారెల్ మీద అక్షరాలు, సైట్లు పాత చోటికి వస్తాయి. కొత్త హెడ్‌స్పేస్ మామూలు .30-06 గో గేజ్ (చాంబర్‌లో పెడితే బోల్ట్ మూసుకోవాల్సిన కొలత ముక్క) కన్నా 4 థౌ తక్కువ ఉండాలి. అంటే ఆ పాత గో గేజే ఇప్పుడు నో-గో: దాని మీద బోల్ట్ మూసుకోకూడదు. పిన్ను, ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి తోసేది) తీసేసి, ఒక్క వేలితో హ్యాండిల్ దించి చూడాలి. గట్టిగా నొక్కితే ఏ గేజైనా అబద్ధమే చెబుతుంది. ఫ్యాక్టరీ తూటా పెట్టినప్పుడు మాత్రం చివర్లో కొంచెం బిగువు చేతికి తెలియాలి.

నా ఓటు దీనికే. లేత్ కూలీ ఎక్కువైనా, అడవిలో సొంతంగా లోడ్ చేసుకున్న తూటాలు అయిపోతే ఏ ఊరి షాపులోనైనా .30-06 పెట్టె కొనుక్కోవచ్చు.

సావేజ్ 110 రైఫిల్ ఉన్నవాళ్లకి ఈ తలనొప్పే లేదు. బ్యారెల్‌ని నట్టు పట్టుకుని ఉంటుంది, అంగుళానికి 20 మరలు, కాబట్టి 4 థౌ అంటే చుట్టులో దాదాపు పన్నెండో వంతు. రెడీమేడ్ ఆక్లీ బ్యారెల్ కొని గేజ్ మీదకి తిప్పి నట్టు బిగిస్తే సరి. బిగించాక ఇంకోసారి గేజ్ పెట్టి చూడాలి, బిగింపులో కొలత కదలొచ్చు.

ఇప్పటికే చవక దారిలో చేయించేసుకున్నారా? మెడ మీద దొంగ భుజం (కేస్ ఆనడానికి చిన్న మెట్టు) చేసో, బుల్లెట్‌ని రైఫ్లింగ్‌కి (బ్యారెల్ లోపలి మెలి గాళ్లు) ఆనించో మొదటిసారి పేల్చొచ్చు. కానీ ఇది సొంతంగా లోడ్ చేసుకునేవాళ్ల పని, షాపు తూటాలకి కుదరదు. .22 కె-హార్నెట్ లాంటి, అడుగున అంచున్న కేసులైతే వేరే సంగతి. అక్కడ ఆపేది అంచే, రీమర్ ఒక్కటే దింపినా పర్లేదు.

.280 ఆక్లీ (.280 రెమింగ్టన్ తూటాకి ఇదే మార్పు) విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. 2007లో తూటాల కంపెనీ నోస్లర్ చొరవతో దానికి సామీ (అమెరికా తుపాకీ, తూటాల తయారీదార్ల సంఘం) ప్రమాణం వచ్చింది. అంతకుముందు కోసిన చాంబర్లన్నీ ఆ కొలతకి సరిపోవాలని లేదు. గన్‌స్మిత్‌కి రైఫిల్ ఇచ్చేముందే ఏ రీమర్, ఏ గేజ్ వాడతాడో అడిగి, ఆ రెండూ ఒకే డ్రాయింగ్‌వి అవునో కాదో చూసుకోండి.