ఐపిఐపి-నియో వ్యక్తిత్వ పరీక్ష: ఫలితాన్ని మార్కుల జాబితాలా చదవకూడదు

ఆన్‌లైన్‌లో దొరికే వ్యక్తిత్వ పరీక్షలలో చాలావరకు మనిషిని ఏదో ఒక కోవలో చేర్చి, దానికొక పేరు పెట్టి ముగిస్తాయి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ జాన్సన్ రూపొందించిన ఐపిఐపి-నియో అలా చేయదు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త లూయిస్ గోల్డ్‌బర్గ్ ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేలా అందుబాటులో ఉంచిన వాక్యాల నిధి ఆధారంగా తయారైన ఈ ఉచిత పరీక్షకు 300 వాక్యాలతో ఒకటి, 120 వాక్యాలతో మరొకటి, రెండు రూపాలున్నాయి. ప్రతి వాక్యమూ తనకు ఎంతవరకు వర్తిస్తుందో అయిదు మెట్లలో గుర్తించాలి.

దీని అసలు విలువ బహిర్ముఖత, బాధ్యతాశీలత వంటి అయిదు ప్రధాన లక్షణాలను చెప్పడంలో కంటే, ఒక్కొక్కదాన్నీ ఆరేసి ఉపలక్షణాలుగా విడదీయడంలో ఉంది. బహిర్ముఖతలో ఒకే స్థాయి వచ్చిన ఇద్దరిలో ఒకరు ఆప్యాయంగా కలిసిపోతూనే ముందుండి నడిపించడానికి జంకేవారు కావచ్చు, మరొకరు నాయకత్వానికి ఉరకలు వేస్తూనే జనసమూహాన్ని ఇష్టపడనివారు కావచ్చు. ఈ తేడా కనబడడమే నాకు అన్నిటికంటే నచ్చింది.

అయితే ప్రశ్నలు అమెరికన్ జీవితంలోంచి వచ్చినవి. 120 వాక్యాల రూపంలో ఉదారవాదం అనే ఉపలక్షణాన్ని కొలిచే నాలుగు వాక్యాలలో రెండు, ఉదారవాద అభ్యర్థులకు ఓటు వేస్తారా, సంప్రదాయవాద అభ్యర్థులకు వేస్తారా అన్న విషయానికి సంబంధించినవే. మన పార్టీలను ఆ గీత మీద విడదీయడం కష్టం కనుక, తెలుగు పాఠకులు ఆ ఒక్క అంకెకు ప్రాధాన్యం ఇవ్వనవసరం లేదు. పరీక్ష ఇంగ్లీషులో ఉండడం వల్ల మన పెద్దలలో చాలామందికి ఇది అందదు. ఆ లోటు నన్ను నిజంగా బాధిస్తుంది.

నివేదికలో వచ్చే అంకెలు అదే వయోవర్గానికి, అదే లింగానికి చెందిన ఇతరులతో పోల్చి చెప్పేవి. నూటికి ఎన్ని వచ్చాయో చూసే అలవాటున్న మన ఇళ్ళలో వీటిని మార్కులుగా భావించే ప్రమాదం ఎక్కువ. అయిదు ప్రధాన లక్షణాలలో ఒకటైన సమ్మతిలో, అంటే ఇతరులతో సర్దుకుపోయే గుణంలో, 30 రావడం తప్పడం కాదు. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ కౌమారానికి ప్రధానమైనదిగా చెప్పిన ‘నేనెవరు’ అన్న వెతుకులాటను ఈ పరీక్ష తాకదు. ఆ వెతుకులాటలోనే ఉన్న ఇంటర్ విద్యార్థికి దీని ఆధారంగా కోర్సు నిర్ణయించడం అన్యాయం. పెద్దవారు తమను తాము పరిశీలించుకోవడానికైతే తప్పక వాడవచ్చు. తీరిక ఉంటే 300 వాక్యాల రూపాన్నే ఎంచుకోండి, ఉపలక్షణానికి నాలుగు కాక పది వాక్యాలుండడం వల్ల ఆ ఫలితం మరింత నమ్మదగినది.