మెంటర్‌తో నెలకోసారి మీటింగా, అవసరమైనప్పుడు ఫోనా?

కొత్తగా మెంటర్, అంటే చదువు, ఉద్యోగం విషయాల్లో దారి చూపే అనుభవజ్ఞుడు, దొరికిన కాలేజీ విద్యార్థులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "ఆయన ఉద్యోగంలో బిజీ కదా మేడం, ప్రతి నెలా కూర్చోబెట్టే బదులు పని పడ్డప్పుడు ఫోన్ చేస్తే సరిపోదా?" చాలామంది మెంటర్లు కూడా అదే అంటారు: "ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యి, మొహమాటపడకు."

వినడానికి ఫోన్ పద్ధతే బాగుంటుంది. ఎవరి టైమూ వృథా కాదు. రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని, రేపటికల్లా ఏదో ఒకటి చెప్పాల్సిన వాణ్ణి వచ్చే నెల తేదీ దాకా ఆగమనలేం కదా. చొరవ ఉన్న పిల్లలకు ఇది అచ్చంగా సరిపోతుంది కూడా.

చిక్కంతా ఆ చొరవ దగ్గరే. ఆమధ్య నేనూ ఒక అమ్మాయికి నంబరిచ్చి ఊరుకున్నాను. నాలుగు నెలలు ఫోన్ రాలేదు. అంతా బాగానే ఉందేమో అనుకున్నాను. ఐదో నెలలో చేసింది, ఇంటర్న్‌షిప్ గడువు ముగిసిన మర్నాడు. దరఖాస్తులో ఒక్క ప్రశ్నకు ఏం రాయాలో తోచక ఆగిపోయిందట. ముందే అడగొచ్చుగా అంటే, "ఇంత చిన్నదానికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఏది అడగొచ్చు, ఏది అడగకూడదు అని తేల్చుకునే భారమంతా నేనే ఆమె నెత్తిన పెట్టాను. మొహమాటపడకు అన్నంత మాత్రాన మొహమాటం పోతుందా?

తేదీ ముందే ఖాయమై ఉంటే ఆ లెక్కలేవీ వేసుకోనక్కర్లేదు. ఇంకొకటి, తనకు ఫలానా సమస్య ఉందని తెలియని మనిషి దాని గురించి ఫోన్ చేయడు. రెజ్యూమేలో ప్రాజెక్టు పేరుంటుంది, అందులో తను చేసిన పనేమిటో ఉండదు. అలాంటివి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటేనే బయటపడతాయి. "ఈ నెల మాట్లాడటానికేం లేదు మేడం" అంటూ మొదలైన మీటింగుల్లోనే నాకు ఇలాంటివి ఎక్కువ దొరికాయి.

అయితే నెలకోసారి కలవడం ఊసుపోక కబుర్లుగా మారకూడదు. ముందు రోజు మూడు ముక్కలు రాసి పంపమంటాను: పోయినసారి అనుకున్నదాంట్లో ఏం చేశావు, ఎక్కడ ఆగావు, ఈసారి ఏం కావాలి. చేయకపోతే చేయలేదనే రాయాలి. రాలేకపోతే కనీసం ఒక రోజు ముందు చెప్పాలి. ఈ నియమం నాకూ వర్తిస్తుంది.

రిఫరల్ కోసమైనా, అంటే ఉద్యోగానికి మన పేరు సిఫారసు చేయించుకోవడానికైనా, తరచూ ఫోన్ చేసి చనువు పెంచుకోవాలేమోనని కొందరి టెన్షన్. అక్కర్లేదు. అమెరికాలో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను సోషియాలజిస్టు మార్క్ గ్రానొవెటర్ అడిగి చూసి, 1973లో ఆ వివరాలు అచ్చువేశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం. అప్పుడప్పుడు అంటే ఏడాదికి ఒకసారి కంటే ఎక్కువ, వారానికి రెండుసార్ల కంటే తక్కువ అని ఆయన లెక్క. నెలకోసారి అందులోకే వస్తుంది. అలాగని మొదటి మీటింగులోనే రిఫరల్ అడిగితే మాత్రం నాకు చిరాకే. నీ పని చూడకుండా నీ గురించి ఏమని రాయను?

వాట్సాప్ గ్రూపులు లింకులకూ గడువు తేదీలకూ పనికొస్తాయి, అంతే. పదిమందికి ఒకే మెంటర్‌ను పెట్టి చేసే గ్రూప్ కాల్‌లో మాట్లాడేది ఇద్దరే.

ఇప్పుడు కూడా నంబరిస్తున్నాను, అర్జెంటు పనులకు. కాకపోతే తర్వాతి తేదీ ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కాకే కుర్చీలోంచి లేస్తున్నాను. ఆ అమ్మాయి పోయిన నెల పంపిన మెసేజ్‌లో మొదటి లైను: "రెండు చేస్తానన్నాను, ఒకటే చేశాను, రెండోది ఎందుకు ఆగిందో రేపు చెప్తాను."