ఇద్దరు తైక్వాండో విజేతలు: మన అమ్మాయిలకు ఎవరి ఆట ముందు చూపాలి?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బడి మైదానంలో తైక్వాండో నేర్చుకునే అమ్మాయికి చూపదగిన విజేతలలో బ్రిటన్‌కు చెందిన జేడ్ జోన్స్, థాయిలాండ్‌కు చెందిన పానిపాక్ వోంగ్‌పట్టనకిట్ ముఖ్యులు. ఇద్దరికీ రెండేసి ఒలింపిక్ స్వర్ణాలున్నాయి.

జోన్స్ 19 ఏళ్లకే, 2012 లండన్‌లో 57 కిలోల విభాగంలో గెలిచి, ఈ క్రీడలో బ్రిటన్‌కు తొలి స్వర్ణం తెచ్చారు. 2016లో రియోలోనూ గెలిచారు. తర్వాత టోక్యోలో, పారిస్‌లో తొలి పోరులోనే ఓడి, 2025లో బాక్సింగ్‌కు మారారు.

పానిపాక్ ప్రయాణం దీనికి తలకిందులు. 49 కిలోల విభాగంలో రియోలో కాంస్యంతో సరిపెట్టుకున్న ఆమె, టోక్యో ఫైనల్లో చివరి క్షణాల దాకా వెనుకబడి ఉండి కూడా, ఛాతీ కవచంపై తన్నుకు దక్కే రెండు పాయింట్లతో 11-10గా స్పెయిన్ క్రీడాకారిణిని ఓడించారు. 2024లో పారిస్‌లో స్వర్ణాన్ని నిలబెట్టుకున్నాకే ఆట నుంచి తప్పుకున్నారు. తలపై తన్నుకు మూడు పాయింట్లు వస్తాయని మన పిల్లలు దానికే తొందరపడతారు గానీ, ఆ ఫైనల్‌ను తేల్చింది మాత్రం రెండు పాయింట్ల తన్నే.

సన్నగా ఉండే మన అమ్మాయిల్లో చాలామందికి 49 కిలోల విభాగమే దగ్గర కనుక, శిక్షకులు పానిపాక్ ఆటనే ముందుగా చూపడం మేలని నా అభిప్రాయం. జోన్స్ ఆటలో రియో ఫైనల్ ఒక్కటి చూపినా చాలు.