పైలట్ శిక్షణకు డబ్బు కట్టే ముందు హ్యాంగర్ చూడండి

పిల్లలను కమర్షియల్ పైలట్ కోర్సులో చేర్చాలనుకుంటున్న తల్లిదండ్రులకు ఒక మనవి. మొత్తం ఫీజు ఒకేసారి కడితే రాయితీ ఇస్తామని ఏ ఫ్లయింగ్ స్కూలు చెప్పినా దయచేసి కట్టకండి. మా అమ్మాయికి జరిగిన అన్యాయం మరో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను.

బ్రోచరులో ఎనిమిది విమానాలున్నాయి. లైసెన్సుకు కావలసిన 200 గంటల ఫ్లయింగ్ ఏడాదిలో పూర్తిచేయిస్తామన్నారు. నెలలు గడుస్తున్నా గంటలు పెరగకపోవడంతో విమానాలు నిలిపే షెడ్డు, అంటే హ్యాంగర్ చూపించమని పట్టుబట్టాను. ఎగిరే స్థితిలో ఉన్నవి మూడే. సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం ఒకదానికి ప్రొపెల్లరే లేదు. ఇంజన్ విప్పేసిన చోట నీలం టార్పాలిన్ చుట్టి తాడుతో కట్టారు. ఇంకోదానికి ఒక టైరులో గాలి పోయి రెక్క ఓ పక్కకు వాలిపోయింది. దాని మీదున్న వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలే బ్రోచరు ఫొటోలోనూ ఉన్నాయి!

విమానం పాతదైతే తప్పేమీ లేదు. సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయినా, వాటి మీద ఇప్పటికీ ఎందరో నేర్చుకుంటున్నారు. అసలు లోపం నిర్వహణలో ఉంది. ప్రతి 100 గంటలకూ తనిఖీ ఉంటుందని, విడిభాగాలు విదేశాల నుంచి రావాలని స్కూలుకు ముందే తెలుసు. అయినా ఏదీ నిల్వ పెట్టుకోరు. ఒక్కో విమానం నెలల తరబడి మూలన పడి ఉంటే, పిల్లలు హాస్టల్ అద్దె కడుతూ తమ వంతు కోసం కూర్చోవాలి.

బిల్లు సంగతి ఇంకా దారుణం. ఒకరోజు టేకాఫ్‌కు ముందు ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలకు చేసే పరీక్షలో ఇంజన్ తేడా చూపించింది. ఇన్‌స్ట్రక్టరు విమానాన్ని వెనక్కి తిప్పారు, అది సరైన నిర్ణయమే. కానీ ఇంజన్ నడిచిన సమయాన్ని లెక్కించే హాబ్స్ మీటరు తిరిగిందంటూ ఆ నిమిషాలకు డబ్బు పట్టుకున్నారు. విద్యార్థి ఎగిరిన గంటలు రాసే లాగ్‌బుక్‌లో మాత్రం ఆ సమయం ఎక్కలేదు. తమ విమానంలోని లోపానికి విద్యార్థి దగ్గర డబ్బు వసూలు చేయడం ఏం న్యాయం? వాపసు అడిగితే ఒప్పందంలో ఆ మాట లేదన్నారు.

కాబట్టి చేరే ముందు విమానాల రిజిస్ట్రేషన్ అక్షరాలు రాసుకుని, ఒక్కోదాని టెక్నికల్ లాగ్ చూపించమనండి. చివరిసారి ఎప్పుడు ఎగిరిందో అందులో ఉంటుంది. విమానం ఎగరడానికి తగినట్టు ఉందని ఏడాదికోసారి పొందాల్సిన ఎయిర్‌వర్తీనెస్ రివ్యూ సర్టిఫికెట్ గడువు కూడా చూడండి. చూపించడానికి వెనకాడితే అక్కడి నుంచి వచ్చేయండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025లో ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది, అవీ చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆఫీసులో కాకుండా క్యాంటీన్‌లో కూర్చుని పాత బ్యాచి పిల్లలతో మాట్లాడండి. నెలకు ఎన్ని గంటలు ఎగురుతున్నారో వాళ్లే చెబుతారు. రెండింజన్ల విమానం ఎన్ని ఉన్నాయో ప్రత్యేకంగా అడగండి. చాలాచోట్ల ఒక్కటే ఉంటుంది, అది ఆగిందంటే రెండింజన్ల విమానం నడపడానికి కావలసిన మల్టీ ఇంజన్ రేటింగ్ ఇంకా పూర్తికాని పిల్లలందరూ ఆగిపోయినట్టే.

ఫీజు మాత్రం ఎగిరిన గంటల లెక్కన వాయిదాల్లోనే కట్టండి. ఎగరని గంటల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి. ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవారు రసీదులు, లాగ్‌బుక్ పేజీల ఫొటోలు, వాట్సాప్ సందేశాలు ఈరోజే భద్రపరచుకోండి.