కొత్తపట్నం తీరాన మంచినీటి ప్లాంటు: నీటికి వంక లేదు, వెనకాల గుంటకే ఉంది

ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు వెళ్లి బకింగ్‌హాం కాలువ దాటాక ఇసుక నేలల్లో ఉన్న పల్లెల్లో చాలా ఇళ్లకు తాగునీరు క్యాన్లలోనే వస్తున్నది. మా వీధికి నీళ్లు సరఫరా చేసే ప్రైవేటు ఆర్వో ప్లాంటు గురించి, కొత్తగా కాపురం పెట్టినవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

నీటి నాణ్యతకు పేరు పెట్టనక్కర్లేదు. మా బోరు నీటిలో ఎంతసేపటికీ ఉడకని కందిపప్పు ఈ నీటిలో వెన్నలా ఉడుకుతుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే ఆధారం లేని చోట 2000 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతున్నది. అడిగినవారి ఎదుటే యజమాని టీడీఎస్ మీటరు ముంచి చూపిస్తారు (అది ఆయనకు సరదా కూడా). అంకె 500కు ఎప్పుడూ చాలా దిగువనే ఉంటుంది. అయితే ఆ మీటరు లవణాలనే చూపుతుంది కాని సూక్ష్మజీవులను పట్టుకోలేదు. పైగా ఇక్కడ నీటిని అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేస్తున్నారే తప్ప క్లోరిన్ కలపడం లేదు కనుక, క్యాను శుభ్రంగా లేకపోతే ప్లాంటులో పడిన శ్రమంతా వృథా. మూతి లోపల పాకుడు పట్టిన క్యాను ఒకసారి మా ఇంటికి వచ్చింది. చూపించగానే మారుమాటాడకుండా మార్చారు.

ధర విషయంలో పేచీ లేదు. ఇరవై లీటర్ల క్యాను ప్లాంటు దగ్గర 10 రూపాయలు, ఇంటికి తెచ్చిస్తే 20.

నాకున్న అభ్యంతరమల్లా ప్లాంటు వెనకాల గుంట గురించి. ఇలాంటి చిన్న ప్లాంట్లలో తోడిన నీటిలో సగమో, అంతకన్నా ఎక్కువో వ్యర్థజలంగా పోవడం మామూలే. సగం నీరు మంచినీరుగా బయటికి వచ్చిందంటే, దానిలోని లవణాలు కూడా మిగతా సగంలోనే చేరి ఆ నీరు దాదాపు రెట్టింపు ఉప్పగా మారుతుంది. దాన్ని గొట్టంతో గుంటలోకి వదులుతున్నారు. అడిగితే, “ఇసుకే గదండీ, ఇంకిపోతుంది” అన్నారు. ఇంకిపోవడమే ఇక్కడి చిక్కు. తీరంలో వాన నీరు ఇసుకలో దిగి, బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు 40 అడుగుల మేర మంచినీరు ఉంటుందని, పైన అడుగు తగ్గితే కింది ఉప్పునీరు ఆ 40 అడుగుల మేర ఎగబాకుతుందని భూగర్భజల శాస్త్రం లెక్క కడుతుంది. మన పెద్దలు లోతుకు పోకుండా దొరువులు తవ్వి పైపై నీటినే తోడుకున్నది అందుకే. ఈ ప్లాంటు మాత్రం లోతైన బోరుతో పగలంతా తోడి, ఉప్పును తిరిగి అదే పొరలోకి పంపుతున్నది.

రొయ్యల చెరువుల ఉప్పు తాగునీటి బావుల్లోకి దిగుతున్నదన్న వివాదం 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమూ వచ్చింది. చెరువుల మాట ఎత్తితే ఊరంతా గొంతు చేసుకుంటారు గాని, రోజూ క్యాను నింపుకునే చోట ఉన్న గుంట వైపు ఎవరూ చూడరు. ఆ నీటిని కనీసం క్యాన్ల బయటి భాగం కడగడానికీ, మరుగుదొడ్లకూ మళ్లిస్తే తోడే నీరూ తగ్గుతుంది, గుంటలోకి పోయేదీ తగ్గుతుంది. యజమానితో ఆ మాట చెప్పాను. ఇంకా ఏ మార్పూ కనబడలేదు.

అయినా తాగడానికీ వంటకూ ఈ నీటినే తీసుకోమంటాను. క్యాను మాత్రం మీ సొంతది పెట్టుకుని ఇంట్లోనే కడిగి పంపండి. సూక్ష్మజీవుల పరీక్ష నివేదిక చూపించమని అడగండి. స్నానానికీ గిన్నెలకూ బోరు నీరు చాలు.