మోటారు డబ్బా మీద వెండి రంగు: ఎండకు నిలిచింది ఏది?

మడికొండ పారిశ్రామిక వాడలో మాది చిన్న షెడ్డు. బోరు మోటార్లకు స్టార్టర్ డబ్బాలు చేస్తాం. పరకాల పత్తి చేలలో, నర్సంపేట మిరప తోటల్లో ఎండకూ వానకూ ఏళ్ల తరబడి ఉండే సరుకు అది. దాని నేమ్‌ప్లేటుకు దొరికే వెండి రంగులన్నీ వాడి చూశాం. మొదటి మార్కు సన్నని బ్రష్ గీతలున్న యానోడైజ్డ్ (కరెంటు పారించి పైన గట్టి ఆక్సైడ్ పొర పెంచిన) అల్యూమినియానికే వేస్తాను. మెరుపు తక్కువే, కానీ దాన్ని ఎంచుకోవడానికి సగం కారణం అదే.

క్రోమ్ పూసిన ప్లాస్టిక్ అక్షరాలు దుకాణంలో ధగధగలాడతాయి. కొనేవారి చూపు ముందు వాటి మీదే పడుతుంది, కాదనను. మిట్టమధ్యాహ్నం పొలంలో మాత్రం కళ్లు చెదిరి పేరు చదవలేం. పైగా వేడికి ప్లాస్టిక్ వ్యాకోచించినంతగా పైనున్న పలుచని లోహపు పొర సాగదు. పగిలి పెచ్చులు లేస్తుంది, ఆ అంచు వేలిని కోస్తుంది కూడా. సిల్వర్ స్టిక్కర్ చవక. డబ్బా తలుపు లోపల వైరింగ్ పటానికి అంతకు మించింది అక్కర్లేదు. బయట గరుకు పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చిన పూత) మీద అతికిస్తే మూలలు లేచి దుమ్ము పడుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిదే, ధరా ఎక్కువే. 304 రకం అని చెప్పి 202 అంటగట్టే బేరగాళ్లున్నారు. చాలామంది అయస్కాంతం పెట్టి తేల్చేస్తామంటారు. రెండూ అయస్కాంతానికి దాదాపుగా అంటుకోవు కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు. నికెల్ తక్కువున్న 202 మీద వానాకాలానికి గోధుమ రంగు చుక్కలు మొదలవుతాయి.

ఇక అల్యూమినియం. ఇక్కడ గట్టిగా అడగాల్సింది అక్షరాల గురించి. యానోడైజింగ్ చేసిన పొరలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోకి రంగు ఇంకాక వేడినీటిలో సీలు చేస్తే అక్షరం ఆ పొరలోనే ఉండిపోతుంది. పైపైన ముద్రించిన రంగు అలా కాదు, థిన్నర్ గుడ్డతో రుద్దితే ఊడి వస్తుంది. నమూనా చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఆ రుద్దుడే. వెండి రంగు మీద నల్ల అక్షరాలే వేయించండి. లేజర్‌తో చెక్కితే తెల్లగా వస్తుంది, వెండి రంగు మీద అది కనిపించదు.

ఇంకొకటి, రేకు ఆదా కోసం కొందరు ప్లేట్లను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కోస్తారు. బ్రష్ గీతల దిశ మారితే వెలుతురు వేరేగా పడి, పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి తెల్లగా, ఒకటి బూడిదగా కనిపిస్తుంది. రెండు కంపెనీల సరుకా అని డీలరు నిలదీస్తాడు. గీతలన్నీ అడ్డంగానే ఉండాలని ఆర్డరు కాగితం మీదే రాయించాలి.

అసలు వెండి ఎందుకు వాడరని ఒకాయన అడిగాడు. కరీంనగర్ వెండి తీగ పని జ్ఞాపిక ఇంట్లో ఉన్నవారికి జవాబు తెలుసు. గాలిలోని గంధకానికి అది నల్లబడుతుంది, తుడుస్తూ ఉండాలి. పొలంలో ఎవరు తుడుస్తారు?

అల్యూమినియానికీ ఒక శత్రువు ఉంది, సున్నం. మోటారు గదికి వెల్ల వేసేటప్పుడు చుక్క పడి ఆరిందంటే క్షారానికి యానోడైజ్డ్ పొర కరిగి తెల్లమచ్చ మిగులుతుంది, మళ్లీ పోదు. దసరాకు పెట్టే పసుపుతో ఆ బాధ లేదు. వెల్ల నుంచి కాపాడాలని ప్లేటు మీది ప్లాస్టిక్ ఫిల్మును అలాగే ఉంచి పంపేవాళ్లం. కొత్తదనం పోతుందని రైతులు దాన్ని తీయనే తీయరు. ఎండకు మాడి అది ప్లేటుకే అతుక్కుపోతోంది. ఇప్పుడు ఫిల్మును షెడ్డులోనే ఊడదీసి, వెల్ల వేసే రోజు డబ్బాకు గోనెసంచి కప్పమని చెప్పి పంపుతున్నాం.